కాలనీ భవన బాడిగ

తిమ్మరాయప్ప దగ్గర ఏ మాటెత్తినా అది చివరికి ఆయన పెళ్ళి చప్పరం దగ్గరికి రావలసిందే. టమాటా ధర పడిపోయిందన్నా అంతే, చింతామణి బస్సు ఇవాళ రాలేదన్నా అంతే. "మా కాలంలో ఇట్లుండిందా అప్పా?" అని తలగుడ్డ విప్పి మోకాలి మీద వేసుకున్నాడంటే, వినేవాళ్ళు ఇక వచ్చిన పని మరిచిపోవచ్చు.

వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే చప్పరమట. వెదురు గడల మీద పచ్చి నేరేడు కొమ్మలు పరిస్తే, మిట్టమధ్యాహ్నం కూడా కింద చల్లగా ఉండేదట. కుమ్మరి కుండలు తెచ్చాడు. చాకలి పైన తెల్లగుడ్డ కట్టాడు. కాలనీ వాళ్ళు బండ్ల కొద్దీ ఆకు కొట్టి తెచ్చారు. ఎవరి చేతిలోనూ కాసు పెట్టే పని లేదు, కళ్ళంలో గింజలు కొలిచేటప్పుడు ఎవరి వంతు వాళ్ళకు పోయేది. ఆడవాళ్ళు పసుపు దంచుతూ పాడుతుంటే ఊళ్ళో ఒక్కరికీ నిద్రపట్టలేదు. గంగాళంలో బెల్లం పాయసం కాగుతుంటే ఆ వాసన కెంచార్లహళ్ళి దాకా పోయిందంటాడు. కెంచార్లహళ్ళి ఏమంత దగ్గర కాదు. అయినా కాదనే ధైర్యం ఎవరికుంది? ఇదంతా చెప్పి, చివర్లో తలగుడ్డ మళ్ళీ చుట్టుకుంటూ అనేవాడు.

"ఊరంతా ఒక్కటే పంక్తిలో కూచోని తినింది. ఊరంతా!"

"ఆ పెండ్లిలో నేనూ ఉంటి లే" అనేది లోపలి నుంచి భార్య సుజాతమ్మ. "తల వంచి కూచోబెట్టినారు. నాకు పీటా, నా కాళ్ళూ తప్ప ఏమీ కనపడలేదు."

"నీకేం తెలుసు, ఊరుకో."

ఒక మాట చెప్పాలి. తిమ్మరాయప్ప అబద్ధాలకోరు కాదు. చెప్పేదంతా కళ్ళారా చూసిందే. అరవై అయిదు దాటినా ఆ నేరేడాకు వాసన ఆయన ముక్కును వదల్లేదు. తల్లి పెట్టిన దిష్టిచుక్క ఏ బుగ్గ మీదో ఇప్పటికీ చెప్పగలడు. అంత సంతోషంగా తను మళ్ళీ ఎప్పుడూ లేడు, ఆ కాలం మళ్ళీ రాదు, ఆయన దుఃఖమల్లా అదే.

అలాంటాయనకు మనవరాలి పెళ్ళి వచ్చింది. చిక్కబళ్ళాపురం కొత్త జిల్లా అయిన ఏడాది, శ్రావణమాసం. పెళ్ళికూతురు వినుత, ఆయన కొడుకు లోకేశ్ కూతురు, చింతామణి కాలేజీలో చదివిన పిల్ల. పెళ్ళికొడుకు కిశోర్ వాళ్ళది బాగేపల్లి, బస్టాండు దగ్గర వేరుసెనగ నూనె అంగడి. వినుత తండ్రి లోకేశ్ చింతామణిలో కల్యాణమంటపం మాట్లాడి వస్తానన్నాడు. తిమ్మరాయప్ప లేచి నిలబడ్డాడు.

"నా మనవరాలి పెండ్లి కాకిరాళ్ళపల్లిలోనే. ఈ వీధిలోనే, చప్పరం కిందనే. బాడిగ మంటపంలో చేస్తే నేను రాను. మీరే చేసుకోండి."

అంతటితో ఊరుకున్నా బాగుండేది. నిశ్చితార్థానికి వచ్చిన వియ్యంకుడు ఆదినారాయణప్పతో కూడా అనేశాడు. "మా ఊర్లో పెండ్లంటే ఎట్లుంటాదో చూపిస్తా రాప్పా. ఊరంతా ఒక్కటే పంక్తి" అని. ఆయన ముచ్చటపడి, బాగేపల్లిలో ఉన్న చుట్టాలందరినీ వెంటబెట్టుకుని వస్తానన్నాడు. ఇక వెనక్కి పోయే దారి లేదు. పెళ్ళి ఈ ఊళ్ళో జరగాలి, చెప్పినట్టు జరగాలి. లేకపోతే తిమ్మరాయప్ప బాగేపల్లిలో తలెత్తుకోలేడు.

ఊళ్ళో పెళ్ళికి పనికొచ్చే కట్టడం ఒక్కటి కూడా లేదా అంటారేమో. ఎందుకు లేదు! నాలుగున్నాయి. ఆ కథ వింటే మీకే తెలుస్తుంది మన బతుకు.

ఎనిమిదేళ్ళ కిందట ఊరికి సముదాయ భవన కట్టుకోమని సర్కారు నుంచి అనుదాన వచ్చింది. ఒక మంచి భవనకు సరిపోయే సొమ్ము. ఇక చూడండి తమాషా. వొక్కలిగలు భవన మా వీధిలో ఉండాలన్నారు. బలిజలు మా పెద్దల పేరు పెట్టాలన్నారు. మీ వీధిలో కడితే మా పిల్లల పెళ్ళికి మిమ్మల్ని అడుక్కోవాలా అన్నారు కురుబలు. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. ఎమ్మెల్యే తెలివైనవాడు, ఎవరినీ కాదనలేదు. అందరికీ తలా ఒక భవన అన్నాడు, ఒక్క సొమ్మునే మూడు ముక్కలు చేశాడు, మూడు చోట్లా గుద్దలి పూజతో శంకుస్థాపన చేసి మూడు దండలు వేయించుకున్నాడు. మూడూ స్తంభాల దాకా లేచాయి. ఎన్నికల్లో వేరే పార్టీ గెలిచింది. కొత్త ఎమ్మెల్యేకు పాతాయన మొదలుపెట్టింది పూర్తి చేయాలని ఏం మొక్కు? స్తంభాలు స్తంభాలుగానే నిలిచిపోయాయి. ఒకదాంట్లో ఎనుములు కట్టేస్తారు. ఒకదాంట్లో ఉలవలు ఆరబోస్తారు. మూడోదాంట్లో పట్టుపురుగులు పెంచే చంద్రికల తట్టలు ఆరబెడతారు.

నాలుగోది ఎస్సీ కాలనీలో ఉంది. పంచాయితీకి వచ్చే సొమ్ములో ఒక భాగం కాలనీకే ఖర్చు పెట్టాలని సర్కారు రూలు. ఇంకో వీధికి మళ్ళించడానికి కుదరదు. కొందరు మెంబర్లు ప్రయత్నం చేయకపోలేదు, కానీ కాలనీలో ఉండే అంజినప్ప భార్య చౌడమ్మ మహిళా సంఘం ఆడవాళ్ళను వెంటబెట్టుకుని పోయి పంచాయితీ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. తినడానికి వీల్లేని సొమ్ము, చూస్తే మెట్ల మీద ఆడవాళ్ళు. చేసేదేముంది, ఒక ఏడాది గోడలు, ఒక ఏడాది స్లాబు, ఇంకో ఏడాది బండలూ కరెంటూ అంటూ అంబేద్కర్ భవన లేచింది. ఊరు మొత్తానికి పైకప్పున్న భవన అదొక్కటే.

"సర్కారు దుడ్డంతా కాలనీకే పోతాండాది" అని టీ అంగడి దగ్గర తిమ్మరాయప్ప గొణిగేవాడు. లెక్కకు ఊరికి వచ్చిందే ఎక్కువ. దాన్ని ముక్కలు చేసి ఎండకూ వానకూ నిలబెట్టింది వీళ్ళే. ఆ మాట ఆయన మొహం మీద ఎవరంటారు?

పెళ్ళికి పదిరోజులుందనగా ఆయన కాలనీకి నడిచి పోయాడు. అంజినప్ప ఇంటి ముందు నిలబడి కేకేశాడు.

"రేయ్ అంజిగా! ఉండావా?"

అంజినప్ప బయటికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. చింతామణి టమాటా మార్కెట్టులో హమాలీ పని, అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"మనవరాలి పెండ్లిరా. నీకు తెలిసిందే. చప్పరానికి ఆకు కావాల. నా పెండ్లికి మీ నాయనే తెచ్చింది, ఇప్పుడు నువ్వు తేవాల."

"ఆ పని మా నాయనతోనే పోయిందప్పా" అన్నాడు అంజినప్ప మర్యాదగానే. "మా పిల్లోల్లకి కొడవలి పట్టేది కూడా రాదు."

"గింజలు కాదురా, దుడ్డే ఇస్తా."

"దుడ్డు మాట కాదప్పా. వానకాలం, చప్పరం ఎందుకు? మా భవన ఖాళీగానే ఉండాది కదా. దాంట్లో చేసుకోండి."

తిమ్మరాయప్ప ముందు నవ్వాడు. వాడు నిజంగానే అంటున్నాడని తెలిశాక నవ్వు ఆగిపోయింది.

"కాలనీలోనా? నా మనవరాలి పెండ్లా?"

"చప్పరానికి మేం కావాల, పెండ్లికి మా భవన వద్దా అప్పా?" అంది గడపలోంచి చౌడమ్మ.

ఆయన మారుమాట్లాడకుండా తిరిగి వచ్చేశాడు. ఇంట్లో మాత్రం పొద్దుపోయేదాకా మాట్లాడాడు. కాలం చెడిపోయిందనీ, మనుషుల్లో విశ్వాసం లేదనీ, తన తండ్రి ఉంటే ఇలా జరిగేదా అనీ. సుజాతమ్మ వింటూ కందిపప్పు చెరిగింది. చివరికి లోకేశ్ కూలి మాట్లాడి ట్రాక్టరులో నీలగిరి గుంజలూ కానుగాకూ తెప్పించాడు. నేరేడు చెట్లు ఊళ్ళో ఎప్పుడో పోయాయి. అయినా చప్పరం లేచింది. తిమ్మరాయప్ప దాని కింద మంచం వేయించుకుని వెల్లకిలా పడుకుని ఆకుల్లోంచి ఆకాశం చూశాడు. నలభై అయిదేళ్ళ తర్వాత మళ్ళీ అదే నీడ. కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి.

పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం అంబాజీదుర్గ కొండ వైపు నల్లబడింది. వంటవాళ్ళు పొయ్యిలు తవ్వి, ఓళిగలకు పూర్ణం రుబ్బుతున్నారు. మొదట గాలి వచ్చింది, గాలి వెనకే వాన. ఆ దెబ్బకు కొన్ని గుంజలు ఒక పక్కకు ఒరిగాయి, ఒరిగినవి మిగతావాటిని లాగాయి, చూస్తుండగానే చప్పరం వీధి పొడుగునా కూలబడింది. పొయ్యిల్లో నీళ్ళు నిండాయి. పూర్ణం గంగాళాన్ని ఇద్దరు పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తారు. తిమ్మరాయప్ప అరుగు మీద నిలబడి నోరెళ్ళబెట్టి చూశాడు.

లోకేశ్ ఫోను మోగింది. "ఆ, రండి రండి... యాడున్నారు? చింతామణి దాటినారా?" అన్నాడు, మొహంలో నెత్తురు లేదు. బాగేపల్లి వాళ్ళు ఒక బస్సు నిండా వస్తున్నారు. చింతామణిలో అన్ని మంటపాలకూ ఫోను చేశాడు. శ్రావణమాసం, ఒక్కటీ ఖాళీ లేదు. బడి తాళం తీయించి చూశారు. పైన పెంకులు సగం లేవు, లోపల బయటకంటే ఎక్కువ కురుస్తోంది. ఊరి మూడు భవనలూ ఎదురుగానే ఉన్నాయి, స్తంభాలు నిమ్మళంగా తడుస్తున్నాయి.

"నాయనా, కాలనీ భవన..." అన్నాడు లోకేశ్.

"చెప్పు తెగుతాది!"

"ఎవురి మీద తెగుతాది?" అంటూ సుజాతమ్మ బయటికి వచ్చింది. ఆమె గొంతు పెంచడం ఆ ఇంట్లో అరుదు. "వాన మీదనా, ఆ స్తంభాల మీదనా? పిల్ల తలమీద తలంబ్రాలు పడాల్నా, వాననీళ్ళు పడాల్నా? నువ్వు పోతావా, నేను పోనా?"

లోపల వినుత చేతులకు పెట్టుకున్న గోరింటాకు ఎండలేదని రెండు చేతులూ ఎత్తి పట్టుకుని కూర్చుంది. ఆయన ఆ చేతులు చూశాడు. కంబళి తల మీదుగా కొప్పెర వేసుకుని వానలోకి దిగాడు.

భవన వరండాలో చౌడమ్మ, సంఘం ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. తాళంచెవి ఆమె నడుముకే ఉంది. అంజినప్ప లేచి నిలబడ్డాడు.

"బాడిగ ఎంతో చెప్పు చౌడమ్మా" అన్నాడు తిమ్మరాయప్ప. కంబళి నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ముందు లోపలికి రాప్పా, తడుస్తాండావు."

"బాడిగ చెప్పు."

"దీనికి దుడ్డు బాడిగ లేదప్పా. సర్కారు దుడ్డుతో కట్టినదాన్ని బాడిగకిచ్చుకోని తినగూడదని సంఘంలో తీర్మానం చేసుకున్నాం."

"మరి?"

"ఈడ ఎవరు పెండ్లి చేసినా మొదటి పంక్తిలో అందరూ కూచుంటారు. మీ వాళ్ళూ, మా వాళ్ళూ, పక్కపక్కనే. అదే బాడిగ."

 తిమ్మరాయప్ప వెనక్కి తిరిగి వానకేసి చూశాడు.

"నేను కొత్తగా ఏమీ అడగలేదప్పా" అంది చౌడమ్మ. "నీ పెండ్లిలో అట్లనే కదా జరిగింది? ఊరంతా ఒక్కటే పంక్తి అని టీ అంగడి కాడ ఎన్నిసార్లు విన్నామో. అట్లనే చెయ్యమంటాండాం. అంతే."

ఎగతాళి చేస్తోందా అని ఆమె మొహంలోకి చూశాడు. ఎగతాళి కనబడలేదు. కనబడి ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకుని వెళ్ళిపోయేవాడు. తన మాటే తనకు తెచ్చి ఇస్తే ఏమని కాదంటాడు? అది అబద్ధమని తనే చెప్పాలా?

"అట్లనే కానీ" అన్నాడు.

ఇక ఆ సాయంత్రం చూడాలి! కాలనీ కుర్రాళ్ళు బస్సుకు ఎదురుపోయి గొడుగులు పట్టారు. గంగాళాలు వచ్చాయి, పొయ్యిలు వరండా వెనక రేకుల కింద వెలిగాయి. అరటిబోదెలు కట్టింది ఎవరో, పెళ్ళిపీటలు తెచ్చింది ఎవరో, ఎవరికీ గుర్తులేదు. ఆదినారాయణప్ప బస్సు దిగి ట్యూబులైట్ల కింద పొడిగా ఉన్న బండలు చూసి, "మా బాగేపల్లిలో కూడా ఇంత మంచి జాగా లేదు కదప్పా" అన్నాడు. తిమ్మరాయప్ప తల ఊపాడు. దాయాది శ్రీనివాసప్ప మాత్రం గడప దాకా వచ్చి తనకు మర్నాడంతా ఉపవాసమని గుర్తు తెచ్చుకున్నాడు. మర్నాడు పొద్దున ఆ ఉపవాసం చింతామణి బస్టాండు హోటల్లో ఇడ్లీలు తింటుండగా చూసినవాళ్ళున్నారు.

పొద్దున వాన వెలిసింది. ముహూర్తం జరిగింది. తలంబ్రాలు పిల్ల తల మీదే పడ్డాయి. తిమ్మరాయప్ప కళ్ళు తుడుచుకునేలోగా, "మొదటి పంక్తికి రాండప్పా" అని కేక వినబడింది.

చాపలు పరిచారు. చౌడమ్మ ఎవరెవరు ఎక్కడ కూర్చోవాలో చేత్తో చూపిస్తోంది. తిమ్మరాయప్ప కూర్చున్నాడు. ఆయన పక్కన అంజినప్ప కూర్చున్నాడు, ఉతికిన తెల్ల చొక్కాలో. ఆకులు పడ్డాయి, నీళ్ళు చిలకరించుకున్నారు. అన్నం, అనపగింజల పులుసు, ఓళిగ, దాని మీద నెయ్యి.

ముద్ద కలుపుతూ తిమ్మరాయప్ప అలవాటు కొద్దీ తన పెళ్ళి పంక్తిని గుర్తు తెచ్చుకున్నాడు. తండ్రి ఇక్కడ కూర్చున్నాడు. మేనమామ అక్కడ. శెట్టి, పటేలు, బడిపంతులు. అందరూ కనబడుతున్నారు, ఒక్కొక్కరి మొహం కూడా. కుమ్మరిని వెతికాడు. చాకలిని వెతికాడు. బండ్ల కొద్దీ ఆకు తెచ్చిన అంజినప్ప తండ్రిని వెతికాడు. చప్పరం కింద పంక్తిని ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండుసార్లు చూశాడు. ఇన్నేళ్ళుగా చెప్పిన కథ, అందులో నేరేడాకు వాసన ఉంది, పాయసం కాగిన చప్పుడుంది, ఆ మనిషి మాత్రం ఎక్కడా కూర్చుని లేడు.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మీ నాయన నా పెండ్లిలో యాడ కూచున్నాడు అంజినప్పా?"

అంజిగా అనలేదు. అనలేదని ఆయనకే తెలియలేదు. అంజినప్ప మాత్రం తలెత్తి ఒకసారి చూశాడు.

"కూచోలేదప్పా. మీ గడ్డివాము ఎనక నిలబడుకోని ఉండినాడు. నేను ఆయన పంచె కొస పట్టుకోని ఉంటి, చిన్నపిల్లోన్ని. పంక్తులన్నీ లేసినాక గంపలో పోసి ఇచ్చినారు. ఇంటికి తెచ్చుకుంటిమి."

"పాయసం?"

"పాయసమూ పోసినారు, ముంతలో." అంజినప్ప మొహం విచ్చుకుంది. "భలే ఉండింది లేప్పా! సల్లంగా అయిపోయింది గానీ, భలే ఉండింది. అట్లాంటిది నేను మళ్ళా తినలేదు. మా పిల్లోల్లకి ఎన్నిసార్లు చెప్పింటానో."

తిమ్మరాయప్పకు సిగ్గేసింది. తనలాగే ఇతనూ ఆ పెళ్ళిని నలభై అయిదేళ్ళుగా తలుచుకుంటూ, ఇంట్లో చెప్పుకుంటూ బతికాడు. గడ్డివాము వెనక నుంచి చూసిన పెళ్ళిని.

పాయసం బకెట్టు తెచ్చిన కుర్రవాడు పెద్దమనిషి కదా అని ముందు తిమ్మరాయప్ప ఆకు దగ్గర వంగాడు. ఆయన ఎడమచేయి అడ్డం పెట్టాడు.

"ముందు ఆయనకు పొయ్యి. పొగలు పోకముందే పొయ్యి."

అంజినప్ప ఆకులో పాయసం పడింది. అతను వేలితో తాకి, చటుక్కున వెనక్కి తీసుకుని, ఊదుకుని నోట్లో పెట్టుకున్నాడు. తిమ్మరాయప్ప తన ఆకు సంగతి మరిచి అతని వైపే చూస్తున్నాడు.

"ఎట్లుండాది?"

"కాలుతాండాదప్పా" అన్నాడు అంజినప్ప, నవ్వుతూ.